బ్రహ్మంగారి చింతచెట్టు

దిగువ అహోబిలంలో మేం ఇల్లు కడుతున్నాం. పునాదికి అడ్డమని మేస్త్రీ పెరట్లో చింతచెట్టు కొట్టేద్దామన్నాడు. జేజి ఒప్పుకోలేదు. ఆ రాత్రి నాకు బ్రహ్మంగారి కథ చెప్పింది.

పోతులూరి వీరబ్రహ్మం 17వ శతాబ్దపు మనిషి. మన నంద్యాల జిల్లాలోనే, బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశారు. రవ్వలకొండ గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాశారంటారు. 14,000 తాటాకు గ్రంథాలు అచ్చమ్మ ఇంట్లో పాతిపెట్టి, పైన చింతమొక్క నాటారని చెప్పుకుంటారు. ఆ చోటే చింతమాను మఠం. తర్వాత కందిమల్లాయపల్లె చేరి వడ్రంగం చేసుకుంటూ బతికారు. గోవిందమ్మను పెళ్లాడారు. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా చేసుకున్నారు. 1693లో అక్కడే జీవసమాధి అయ్యారు.

చెక్కను నమ్ముకుని బతికిన మనిషి, తన రాతలకు కాపలాగా పచ్చని చెట్టునే పెట్టారన్నమాట!

చెట్టును కొట్టకుండా వదిలేస్తే చాలదని నాకు తర్వాత తెలిసింది. నీళ్లు తాగే వేర్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి పాకుతాయి. అక్కడ పునాది తవ్వినా, ఇసుక లారీ తిరిగినా, సిమెంటు నీళ్లు పారబోసినా చెట్టు మెల్లగా ఎండిపోవచ్చు. అందుకే నీడ అంచు దాటి కర్రలు పాతి తాడు కట్టాం. నాయన గోడను ఆరడుగులు లోపలికి జరిపించాడు.

ఒక గది చిన్నదైంది. అది నాదే. పర్లేదు, కిటికీ చెట్టువైపే.