టపా సంచీతో మొదలైన దారి

శుక్రవారం సెలవు దొరికితే మాలో ఎవరో ఒకరిని ఇంటికి సాగనంపడానికి ముహర్రఖ్ ఎయిర్‌పోర్టుకు వెళ్తుంటాం. అట్టపెట్టెకు తాడు బిగించడం, మీద పేరూ ఊరూ రాయడం, తూకం ఎక్కువైతే అక్కడే విప్పి ఒక దుప్పటి తీసేయడం... ఇవన్నీ మనందరికీ అలవాటే. అయితే ఈ ఆకాశ దారి మొదట ఎవరు వేశారని ఎప్పుడైనా అనుకున్నామా? రోడ్డుకైతే శిలాఫలకం ఉంటుంది. దీనికి అదీ లేదు. అందుకే ఇవాళ జె.ఆర్.డి. టాటా గురించి చెప్పుకుందాం.

1903 డిసెంబరు 17న అమెరికాలో సైకిల్ షాపు నడుపుకునే రైట్ సోదరులు ఇంజను విమానాన్ని మొదటిసారి ఎగరేశారు. అది గాలిలో ఉన్నది 12 సెకన్లే. ఏడాది తిరక్కుండానే, 1904 జూలై 29న ప్యారిస్‌లో జె.ఆర్.డి. పుట్టారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి ఆవిడ. వేసవి సెలవులకు ఫ్రాన్సులోని హార్డెలో అనే సముద్రతీరానికి వెళ్ళేవారు. 1909లో ఇంగ్లిష్ చానెల్‌ను విమానంలో దాటిన లూయీ బ్లెరియోకూ అక్కడే ఇల్లుండేది. అక్కడ విమానాలు చూసిన పిల్లవాడికి ఆ పిచ్చి ఇక వదల్లేదు.

కేంబ్రిడ్జిలో ఇంజినీరింగు చదవాలని ఆయనకు ఎంతో ఆశ. తండ్రి బొంబాయికి వచ్చి పనిలో చేరమన్నారు. 1926లో ఆ తండ్రీ పోయారు. డిగ్రీ లేదన్న లోటు ఆయన్ని ఎప్పుడూ పీడించేది. రాత్రుళ్ళు పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నారు. డిప్లొమాతో వచ్చి, డిగ్రీ లేదని పై పోస్టు దక్కని మాలాంటి వాళ్ళకు ఈ సంగతి చదివినప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో ఇచ్చిన మొదటి పైలట్ లైసెన్సు ఆయనకే దక్కింది.

ఆ తర్వాత ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపే మొదటి భారతీయుడికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. జె.ఆర్.డి. కరాచీ నుంచి బయల్దేరారు. ఆస్పీ ఇంజినీర్ అనే కుర్రాడు అటు నుంచి ఇటు వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ కలిశారు. ఆస్పీ స్పార్క్ ప్లగ్గులు లేక ఆగిపోయి ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న స్పేర్ ప్లగ్గులు ఇచ్చేసి ముందుకు సాగారు. చివరికి కొద్ది గంటల తేడాతో గెలిచింది ఆస్పీయే! ఆ కుర్రాడే 1960లో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు.

ఇది చదివాక మాకు ఒక రాత్రి గుర్తొచ్చింది. కాలమ్‌లకు కాంక్రీటు పోస్తుంటే పక్క బ్లాకు వాళ్ళ వైబ్రేటర్ చెడిపోయింది. మా దగ్గర స్పేర్ ఉంది. మా పని వెనకబడుతుందని లేదని చెప్పేశాం. ఫార్మా విప్పితే వాళ్ళ కాలమ్‌ల నిండా హనీకూంబే. రెండు రోజులు ఎండలో నిలబడి ఆ కాంక్రీటు చెక్కింది మనలాంటి కూలీలే. ఆ మాట నోటితో ఒప్పుకోవడానికి మాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఇక అసలు కథ. 1932 అక్టోబరులో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తన దారిని ఇరాన్ తీరం నుంచి ఇటు మార్చింది. లండన్ నుంచి కరాచీ వెళ్ళే విమానాలు మన బహ్రెయిన్‌లో దిగడం అప్పుడే మొదలైంది. అదే నెల 15న కరాచీలో టపా సంచీలు తీసుకుని, ఒంటి ఇంజను పస్ మాత్ విమానంలో జె.ఆర్.డి. ఒక్కరే బయల్దేరారు. రేడియో లేదు. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయి. బొంబాయిలో దిగింది జుహూ మట్టినేల మీద. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చారు. అంటే గల్ఫ్ గాలి తగిలిన ఉత్తరాలు మన తెలుగువాళ్ళుండే సీమ మీదుగా ఎగిరిన రోజులవి. 1933లో ఏడాది పొడుగునా ఆ కంపెనీ ఎక్కించుకున్న ప్రయాణికులు 155 మంది. ఇవాళ ఒక్క విమానంలోనే అంతమంది పడతారు.

1948 జూన్ 8న ఎయిరిండియా బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కు ఎగిరింది. 1953లో ప్రభుత్వం కంపెనీని తీసుకున్నా, ఛైర్మన్‌గా ఆయనే ఉన్నారు. విమానం ఎక్కితే మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, టీ సరిగ్గా ఉందా అని స్వయంగా చూసి నోట్ రాసేవారు. 1978లో అప్పటి ప్రభుత్వం ఆయన్ని ఛైర్మన్ పదవి నుంచి తప్పించింది. మనసు నొచ్చుకున్నారు కానీ విమానం మీద ప్రేమ చంపుకోలేదు. 1982లో, 78 ఏళ్ళ వయసులో, మొదటి ప్రయాణానికి 50 ఏళ్ళు నిండాయని మళ్ళీ కరాచీ నుంచి బొంబాయికి పాత రకం విమానం నడిపారు. 1992లో భారతరత్న వచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. ఆయన చేతుల్లోంచి పోయిన ఎయిరిండియా 2022 జనవరిలో తిరిగి టాటాల చేతికొచ్చింది. అది చూడటానికి ఆయన లేరు.

ఈసారి ఊరెళ్ళేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే, కింద సముద్రం కనపడగానే ఆ టపా సంచీలను ఒకసారి తలుచుకోండి. మేమైతే ఒక పని చేశాం. స్పేర్ వైబ్రేటర్ తాళం ఇప్పుడు పక్క బ్లాకు ఫోర్‌మన్ దగ్గర కూడా ఒకటి ఉంచాం.