డబ్లిన్ చదువు, బొబ్బిలి ఎన్నిక: వి.వి. గిరి

వరాహగిరి వెంకటగిరి అంటే మనోళ్లకి గోడమీది రాష్ట్రపతి ఫోటోయే గుర్తుకొస్తుంది. కూలి జనం తెలుసుకోవలసిన గిరి అంతకు ముందటి మనిషి.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిది, మన చీకాకోలు కూడా ఆ జిల్లాలోదే. తండ్రి జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు. ఇంట్లో డబ్బుంది కాబట్టి కొడుకుని సముద్రాలు దాటించి చదివించగలిగారు. మన పల్లెల్లో కంబారి కొడుక్కి ఆ రోజుల్లో వీధిబడి గడప కూడా అందలేదు. ఆ తేడా మరిచిపోయి గిరి కథ చెప్పడం మాకు ఇష్టం లేదు.

1913లో ఆయన లా చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ వెళ్లారు. ఐర్లండు కూడా మనలాగే ఇంగ్లీషు వాడి కింద నలిగిన దేశం. భూములు జమీందార్లవి, సేద్యం కౌలుదార్లది. అక్కడి రైతులు 1879లో లాండ్ లీగు పెట్టి శిస్తులు తగ్గించమని తిరగబడ్డారు. 1880లో బాయ్‌కాట్ అనే ఒక ఏజెంటుకి ఊరు ఊరంతా పని మానేసి, పంట కొయ్యకుండా, అంగట్లో సరుకు కూడా ఇవ్వకుండా వెలేసింది. మనం సంఘం మీటింగుల్లో ఇప్పటికీ వాడే బాయ్‌కాట్ మాట ఆ పెద్దమనిషి పేరే!

గిరి వెళ్లిన ఏడే డబ్లిన్‌లో పెద్ద లాకౌటు జరిగింది. యూనియన్‌లో ఉండబోమని సంతకం పెడితేనే పని అని యజమానులు పంతం పట్టారు. దాదాపు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పస్తులున్నారు. లార్కిన్, కనోలీ వాళ్ల నాయకులు. పోలీసు లాఠీలకి అడ్డం నిలబడ్డానికి కార్మికులు సొంత దళం కట్టుకున్నారు. చివరికి ఆకలి వాళ్లని లొంగదీసింది. కానీ ఆ దళం చెదిరిపోలేదు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచినప్పుడు అదీ తుపాకులు పట్టింది. తిరుగుబాటు ఆరు రోజుల్లో అణిగిపోయింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురినీ కాల్చి చంపారు. వాళ్లలో మక్‌డొనా గిరికి కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పిన పంతులు. గాయాలతో నిలబడలేని కనోలీని కుర్చీకి కట్టి కాల్చారు.

గిరి మీదా పోలీసులకి అనుమానం పడింది. జూలై 1 లోపల దేశం విడిచి పొమ్మని నోటీసిచ్చారు. బారిస్టరు పట్టా చేతబట్టుకుని ఆయన బరంపురం వచ్చేశారు. పుస్తకాల్లో నేర్చిన లా కన్నా డబ్లిన్ వీధుల్లో చూసిందే తరవాత ఆయన్ని నడిపించింది.

ప్రాక్టీసు పెట్టినా మనసు సంఘాల మీదే. పలాస, ఆముదాలవలస, విజయనగరం మీదుగా వాల్తేరు పోయే బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మిక సంఘం కట్టారు. 1927, 28లలో ఖరగ్‌పూర్ వర్కుషాపులో జనాన్ని తీసేస్తుంటే పోరాటానికి ముందు నిలబడ్డారు. 1926లోనూ 1942లోనూ ఏఐటీయూసీకి అధ్యక్షులయ్యారు.

1937 ఎన్నిక మన జిల్లాల ముసలోళ్లు కథలా చెప్పుకునేది. బొబ్బిలి రాజా మద్రాసు ప్రభుత్వానికి ముఖ్యమంత్రి, జస్టిస్ పార్టీ పెద్ద. ఆయన్ని ఆయన కోట నీడలోనే గిరి ఓడించారు. జమీందారీ రైతుల కసి ఆ ఓట్లలో ఉంది. అయితే ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాళ్లకే అప్పుడు ఓటు. రాజుగారి పొలాల్లో నాట్లేసిన కూలోళ్లలో ఎక్కువమంది ఆ ఓటమిని దూరం నుంచే చూశారు. గిరి కార్మిక మంత్రి అయ్యారు. 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. మరుసటి ఏడు మందస జమీలో గున్నమ్మ తుపాకీ గుళ్లకి నేలకొరిగింది.

1952లో పాతపట్నం నుంచి గెలిచి ఢిల్లీలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని సర్కారు కోసేస్తే, 1954లో పదవి వదిలేశారు. అది మెచ్చుకోవలసిన పని. కానీ ఆయన శ్రద్ధ అంతా రైలు, ఫ్యాక్టరీ, బ్యాంకు దగ్గరే ఆగిపోయింది, పొలం గట్టుదాకా రాలేదని మా అభిప్రాయం.

1957లో పార్వతీపురం. అది ఇద్దరు సభ్యుల స్థానం, ఒకటి గిరిజనులకి రిజర్వు, ఒకటి జనరల్. ఇద్దరు గిరిజనులకే గిరి కన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి. రిజర్వు సీటు ఒకరికి పోగా, జనరల్ సీటు దిప్పల సూరిదొరకి దక్కింది. గిరి కోర్టుకెక్కారు. సూరిదొర కుటుంబం క్షత్రియులమని చెప్పుకుంటోంది, ఇక గిరిజనుడు కాడన్నది ఒక వాదన. 1959లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పుట్టిన తెగ ఎక్కడికీ పోదని మెజారిటీ జడ్జీలు తేల్చారు. బొబ్బిలి రాజాని ఓడించిన మనిషి ఒక గిరిజనుడి మీద కులం కేసు నడపడం మాకు మింగుడుపడదు. ఆ ఇద్దరు సభ్యుల పద్ధతినే 1961లో ఎత్తేశారు.

తర్వాత గవర్నరు, ఉపరాష్ట్రపతి. 1969లో స్వతంత్రుడిగా నిలబడి, వామపక్షాల ఓట్లు కూడా కలిసి, సంజీవరెడ్డిని రెండో ప్రాధాన్యం ఓట్లతో ఓడించి రాష్ట్రపతి అయ్యారు. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. వేలాదిమందిని జైళ్లకి తోశారు, క్వార్టర్ల నుంచి కుటుంబాల్ని గెంటారు. మే 27న సమ్మె ఆగిపోయింది. ఒకనాడు ఆ రైలు కూలీలకి సంఘం కట్టిన మనిషి అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నారు. ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.