పన్ను రూక మీది ముఖము

ధ్యానభాగము: మార్కు 12:13–17

పరిసయ్యులును హేరోదీయులును మన ప్రభువునెదుట నుంచిన దేనారము తిబెరి కైసరుదని పండితులలో పెక్కుమంది తలంచుచున్నారు. అది మన రూపాయి బిళ్లకంటె కొంచెము చిన్నదైన వెండి నాణెము. ద్రాక్షతోట కూలివాని ఒకనాటి జీతము. అట్టివి మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో కూడ నిధిగా దొరికినవి. ఒకవైపు ఆకుల కిరీటము ధరించిన కైసరు తల. చుట్టును, ఇతడు దేవుడైన ఔగుస్తు కుమారుడని పైవ్రాత. రెండవవైపు రాజదండమును కొమ్మను పట్టుకొని కూర్చున్న స్త్రీ. ప్రధాన యాజకుడను బిరుదు. దేవుడు ఒక్కడే యని ప్రతిదినము ఒప్పుకొను యూదుడు ఇట్టి రూకతో పన్ను కట్టవలసి వచ్చెను. వారి మనోవేదన అక్కడనున్నది.

ఆ ముఖముగల మనుష్యుడెవరు? క్రీ.పూ. 42లో రోమాలో పుట్టెను. అతని చిన్నతనముననే తల్లి లివియా ఔగుస్తును పెండ్లాడెను. పెద్దవాడై, విప్సానియా అను భార్యతో సుఖముగా కాపురము చేయుచుండగా, క్రీ.పూ. 11లో ఔగుస్తు ఆమెను విడిపించి తన కుమార్తె యూలియాను అతనికి కట్టబెట్టెను. తరువాత ఒకసారి విప్సానియా కనబడగా అతడు కన్నీళ్లతో ఆమె వెంబడి చూచెననియు, మరల ఆమె అతని కంటబడకుండ జాగ్రత్తపడిరనియు చరిత్రకారులు వ్రాసిరి. రాజుల యిండ్లలో పెండ్లిండ్లు అట్లు జరిగెడివి!

క్రీ.శ. 14లో, తన 55వ యేట, కైసరాయెను. అతనిని కేవలము దుష్టుడని తలంచుట న్యాయము కాదు. 17లో ఆసియాలో భూకంపమువలన 12 పట్టణములు కూలగా, సార్దీసునకు కోటి సెస్తెర్తుల సహాయము చేసి, అయిదేండ్ల పన్ను మాపుచేసెను. ఫిలదెల్ఫియయు ఆ 12లోనిదే. ప్రకటన గ్రంథములోని రెండు సంఘములు తరువాత ఆ పట్టణములలోనే వెలసినవి. 25లో స్పెయిను దేశస్థులు తనకు గుడి కట్టుదుమని మనవిచేయగా, తాను మనుష్యమాత్రుడనని చెప్పి నిరాకరించెను. నాణెముమీది పైవ్రాత మాత్రము మారలేదు.

కడపటి యేండ్లు చీకటి. కుమారుడైన ద్రూసు 23లో చనిపోయెను. 26లో రోమా విడిచి, కాప్రి ద్వీపము చేరి, మరల నగరములో అడుగుపెట్టలేదు. 29లో తల్లి చనిపోగా సమాధి కార్యమునకైనను రాలేదు. సెయాను అను అధికారిని నమ్మి సమస్తమును వానికి విడిచి, 31లో వానినే చంపించెను. అనుమానము ముదిరినకొలది మరణశిక్షలు పెరిగెను. అతడు ఏలుచుండగానే అతని అధిపతియైన పిలాతు యెరూషలేములో మన ప్రభువును సిలువకు అప్పగించెను.

37వ సంవత్సరము మార్చి 16న మిసేనులో, 77 ఏండ్ల ప్రాయమున, తిబెరి మరణించెను. రోమా జనులు ఏడ్వలేదు, సంతోషించిరి. ఔగుస్తును దేవుడని ప్రకటించిన ఆ సభవారు ఇతనిని అట్లు ప్రకటింపలేదు.