వేగానికి కళ్ళెం: ఎతోరే బుగాట్టి జీవితం

వేగాన్ని సాధించడం ఒక విద్య. సాధించిన వేగాన్ని అదుపులో ఉంచుకోవడం అంతకు మించిన విద్య. మొదటి విద్యలో అసమానుడై, రెండవ విద్యలో మాత్రం ఒక పాత పద్ధతిని చిరకాలం విడువలేకపోయిన యంత్రశిల్పి ఎతోరే బుగాట్టి. ఆయన జీవితాన్ని విద్యార్థుల ముందుంచడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

బుగాట్టి 1881 సెప్టెంబరు 15న ఇటలీలోని మిలాన్ నగరంలో కళాకారుల కుటుంబంలో జన్మించాడు. తండ్రి కార్లో కొయ్యసామాను రూపకల్పనలో ప్రసిద్ధుడు. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల కంచు ప్రతిమలతో ఖ్యాతి గడించాడు. ఎతోరే కళాదృష్టి మాత్రం యంత్రాల వైపు మళ్ళింది. ఇరవై ఏళ్ళు నిండకముందే ఆయన నిర్మించిన కారు 1901లో మిలాన్ ప్రదర్శనలో బహుమతి పొందింది. తరువాత కొంతకాలం ఇతరుల కర్మాగారాలలో పనిచేసి, 1909లో ఆల్సేస్ ప్రాంతంలోని మోల్షైమ్ పట్టణంలో సొంత కర్మాగారం నెలకొల్పాడు. అప్పుడా ప్రాంతం జర్మనీ ఏలుబడిలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఫ్రాన్సుకు చెందింది.

1921లో బ్రెషియా పందెంలో ఆయన చిన్న కార్లు మొదటి నాలుగు స్థానాలనూ గెలుచుకున్నాయి. 1924లో లియాన్ పందెంలో టైప్ 35 అనే సుప్రసిద్ధమైన కారు వెలువడింది. దాని చక్రాలు అల్యూమినియంతో పోతపోసినవి. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంలో అంతర్భాగమే. బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడి వెడల్పైన ఆకుల గుండా త్వరగా గాలిలో కలిసిపోయేది. చక్రం విప్పగానే బ్రేకు షూలు కంటికి కనిపించేవి. ఇంతటి సూక్ష్మదృష్టి గల మనిషి బ్రేకును నిర్లక్ష్యం చేశాడని ఎవరనగలరు? 1925 నుండి 1929 వరకు వరుసగా ఐదేళ్ళు సిసిలీలోని టార్గా ఫ్లోరియో పందెం ఆయన కార్లదే అయింది.

అయితే ఆ షూలను కదిలించేది ఉక్కు తీగ. డ్రైవరు కాలితో తొక్కిన బలం తీగల ద్వారా నాలుగు చక్రాలకు చేరేది. సైకిలు తొక్కేవారికి తీగ స్వభావం తెలియనిది కాదు. అది వాడుకలో సాగుతుంది, మాటిమాటికీ బిగించాలి. ఒక చక్రానికి ఎక్కువ, మరొక చక్రానికి తక్కువ బలం అందితే బండి ఒక పక్కకు లాగుతుంది. దీనికి విరుగుడు భౌతికశాస్త్ర విద్యార్థులు నేర్చుకునే పాస్కల్ సూత్రంలోనే ఉంది. మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుంది. ఈ సూత్రం ఆధారంగా అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ హైడ్రాలిక్ బ్రేకును రూపొందించాడు. అటువంటి బ్రేకులు గల డ్యూసెన్‌బర్గ్ అనే అమెరికా కారు 1921లో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెం గెలిచింది. అంటే ఈ కొత్త విద్య బుగాట్టి ఉన్న దేశంలోనే, ఆయన కాలంలోనే రుజువైంది.

అయినా ఆయన తీగను విడువలేదు. బ్రేకులు సరిగా పట్టడం లేదని చెప్పిన ఒక కొనుగోలుదారుకు, తన కార్లు పరుగెత్తడానికే గాని ఆగడానికి కావని ఆయన బదులిచ్చినట్లు ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజమో కల్పనో గాని, లోకం ఆయన స్వభావాన్ని అర్థం చేసుకున్న తీరు అందులో కనిపిస్తుంది. ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. నిపుణుడి చేతిలో చక్కగా సరిచేసిన తీగ బ్రేకు బాగానే పనిచేస్తుంది. కాని కారు కొన్న ప్రతివాడూ నిపుణుడు కాడు.

1934లో వెలువడిన టైప్ 57 కారు రూపకల్పనలో ప్రధాన పాత్ర పెద్దకుమారుడు జాన్‌ది. 1936లో కర్మాగారంలో కార్మికుల సమ్మె జరిగింది. దానికి మనసు నొచ్చుకున్న తండ్రి ప్యారిస్‌లోనే ఎక్కువగా గడపసాగాడు. మోల్షైమ్ బాధ్యత కుమారుడిపై పడింది. 1938లో టైప్ 57కు హైడ్రాలిక్ బ్రేకులు అమర్చారు. డ్యూసెన్‌బర్గ్ విజయం తరువాత అప్పటికి పదిహేడేళ్ళు గడిచాయి.

1939 జూన్‌లో బుగాట్టి కారు ల మాన్స్‌లో ఇరవైనాలుగు గంటల పందెం గెలిచింది. ఆగస్టు 11న ఆ కారునే పరీక్షిస్తూ జాన్ రహదారిపై అతివేగంగా వెళ్తున్నాడు. హఠాత్తుగా ఒక సైకిలు ఎదురైంది. దానిని తప్పించబోయి కారు చెట్టుకు ఢీకొనగా ముప్పై ఏళ్ళ జాన్ మరణించాడు. ఈ ప్రమాదాన్ని బ్రేకుల కథతో ముడిపెట్టి తండ్రిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అంత వేగంలో కంటికి, కాలికి దొరికే వ్యవధి క్షణమాత్రమే. కొద్ది వారాలకే యుద్ధం వచ్చింది. కొడుకునూ కర్మాగారాన్నీ పోగొట్టుకున్న బుగాట్టి 1947 ఆగస్టు 21న ప్యారిస్‌లో కన్నుమూశాడు.

నేడు ఆ పాత కార్లను అపురూపంగా కాపాడుకునేవారిలో రెండు పక్షాలున్నాయి. ప్రాణరక్షణకై తీగలు తీసి హైడ్రాలిక్ బ్రేకులు అమర్చినవారు కొందరు. శిల్పి ఉంచినదానిని ఉంచినట్లే నిలపాలని తీగలనే ఓపికగా సరిచేసుకునేవారు మరికొందరు. ప్రదర్శనశాలలో నిలిచే కారుకు రెండవ పక్షం తగినది. రహదారిపై ఇతరుల మధ్య పరుగెత్తే కారుకు మొదటి పక్షమే మేలని మేము తలుస్తున్నాము.

బుగాట్టి ప్రతిభ ముందు మేము శిరసు వంచుతాము. కాని పరుల చేతిలో పుట్టినంత మాత్రాన మంచి విద్య పరాయిది కాదు. మనకంటే మేలైన మార్గం ఇంకొకరు చూపినప్పుడు దానిని సకాలంలో స్వీకరించగలగడం కూడా ప్రతిభలో భాగమే. మా విద్యార్థులు ఈ జీవితం నుండి ఆ ఒక్క పాఠాన్ని గ్రహిస్తే మా శ్రమ ఫలించినట్లే.