కుబేరకుడు

పూర్వం రాజులు తమ కీర్తి శాశ్వతంగా నిలవాలని రాతిని ఆశ్రయించారు. బాబిలోనియాను ఏలిన హమ్మురాబి తన న్యాయసూత్రాలను నల్లరాతిపై చెక్కించాడు. అస్సీరియా ప్రభువులు తాము జయించిన నగరాలను, చెరపట్టిన జనులను రాజప్రాసాదాల గోడలపై శిల్పాలుగా మలిపించారు. ఆంధ్రదేశంలోనూ ఒక రాజు పేరు రాతిపై నిలిచింది. అయితే అది విజయగాథ కాదు, దానశాసనం. ఆ రాజు కుబేరకుడు.

తెనాలి నుండి రేపల్లెకు పోయే రైలుమార్గంలో, నేటి బాపట్ల జిల్లాలో భట్టిప్రోలు ఉంది. క్రీస్తుకు పూర్వమే అది ప్రసిద్ధ బౌద్ధక్షేత్రం. క్రీ.పూ. 3-2 శతాబ్దాల నాడు అక్కడ బుద్ధుని ధాతువులను నిక్షేపించి మహాస్తూపాన్ని నిర్మించారు. ఆ ధాతువులను భద్రపరచే పేటికల కోసం పురజనులు ముందుకు వచ్చారు. కుర అనే వ్యక్తి తన తల్లిదండ్రులతో కలిసి ఒక పేటికను సమర్పించాడు. సింహగోష్ఠి అనే సంఘం మరొక పేటికను, స్ఫటికపు భరిణెను, రాతి భరిణెను సమర్పించింది. ఆ గోష్ఠికి ప్రముఖుడు కుబేరకుడు. శాసనంలోని ప్రాకృత భాషలో ఆయన పేరు కుబిరకుడు.

సింహాసనంపై కూర్చొన్న ప్రభువు ఒక సంఘంలో సభ్యులతో కలిసి దాతగా నిలవడం విశేషం. ఆ దానాన్ని ఆయన తన ఒక్కని ఘనతగా చాటుకోలేదు. గోష్ఠి సభ్యుల పేర్లు కూడా ఆ పేటికలపై చోటు చేసుకొన్నాయి.

కాలక్రమంలో స్తూపం మట్టిదిబ్బగా మారింది. పందొమ్మిదవ శతాబ్దంలో దాని ఇటుకలను, చలువరాళ్లను కాలువ పనులకు, బాటలకు తరలించుకుపోయారు. స్తూపగర్భం మాత్రం చెక్కుచెదరలేదు. 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాలలో మూడు రాతిపేటికలు బయటపడ్డాయి. జర్మన్ పండితుడు బ్యూలర్ ఆ శాసనాలను చదివి, 1894లో ప్రకటించాడు. అందలి అక్షరాలు అశోకుని బ్రాహ్మీలిపిని పోలి ఉన్నా, కొన్ని ప్రత్యేక రూపాలను కలిగి ఉన్నాయి. అందువల్ల దక్షిణాది లిపుల చరిత్రకు అవి అమూల్యమైన ఆధారాలు.

కుబేరకుని యుద్ధాలను, కోటలను గూర్చి ఆ శాసనాలు చెప్పవు. ఆయన దానాన్ని మాత్రమే చెబుతాయి. తన ప్రజలతో కలిసి చేసిన ఆ సత్కార్యమే రెండువేల సంవత్సరాలకు పైగా మట్టిలో దాగి, ఆయన పేరును మనకు అందించింది.