దయ్యాల ఇంట్లో కాపురమున్న గోరా

కొత్తవాడ (వరంగల్): దర్రీల నేతకు పేరుగాంచిన కొత్తవాడలో పొద్దుగూకి మగ్గాల చప్పుడు ఆగాక పిల్లలు కథల కోసం పెద్దల చుట్టూ చేరడం పాత అలవాటు. కొరివిదయ్యం కథ విన్న పిల్లవాడు ఆ రాత్రి పెరట్లోకి ఒంటరిగా అడుగు పెట్టడు. మరునాడు అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తామని బెదిరించేదీ ఆ ఇంటి పెద్దలే. నాలుగైదేళ్ల పసివారికి కథ వేరు, నిజం వేరు అనే తేడా ఇంకా కుదురుకోదు. అటువంటి భయాన్ని గద్దించి అణచడం గాక, దగ్గరకు వెళ్లి పరీక్షించవచ్చని తన బతుకుతోనే చూపిన తెలుగువాడు గోరా.

గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు 1902 నవంబర్ 15న నేటి ఒడిశాలోని ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి అధ్యాపకులయ్యారు. ఉద్యోగం తొలినాళ్లలో ఆయన తమిళదేశంలో ఉండగా, దయ్యాలున్నాయని పేరుపడి జనం జంకే ఒక ఇంట్లో కావాలనే నివాసమున్నారు. ఊరివారికి ఉపన్యాసమిచ్చి ఊరుకుంటే ఎవరు నమ్మేవారు? ఆయన అక్కడే పడుకున్నారు, అక్కడే లేచారు. ఏ కీడూ జరగలేదు.

ఈ పరీక్ష ఇంటి గడప లోపలా సాగింది. గ్రహణం చూస్తే పుట్టే బిడ్డకు అంగవైకల్యం వస్తుందన్న నమ్మకం నేటికీ పూర్తిగా పోలేదు. ఆయన భార్య సరస్వతి గర్భవతిగా ఉన్నప్పుడు ఆ నిషేధాన్ని లెక్కచేయలేదు. బిడ్డ ఆరోగ్యంగానే పుట్టింది. పదేళ్ల ప్రాయంలో పెళ్లయి వచ్చిన ఆ ఇల్లాలి ధైర్యాన్ని భర్త ధైర్యం కంటే ఒక మెట్టు పైనే ఉంచాలి. ఎందుకంటే ఏదైనా కీడు జరిగితే లోకం నిందించేది తల్లినే.

ఈ దారికి మూల్యం తక్కువేమీ కాదు. జంధ్యం విడిచినందుకు పుట్టింటికి దూరమయ్యారు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడ కళాశాలలో కొలువు పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో విజయవాడకు తరలించారు. దేవుణ్ణి నమ్మే గాంధీజీతో జరిపిన చర్చలను 1951లో పుస్తకంగా వెలువరించారు.

పిల్లల పెంపకంలో గోరా దంపతులది వేరు బాట. దేవుళ్ల పేర్లకు బదులు కాలాన్ని గుర్తుచేసే పేర్లు పెట్టారు. ఉప్పు సత్యాగ్రహ సంవత్సరమైన 1930లో పుట్టిన కుమారుడు లవణం, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం. పెద్ద కుమార్తె మనోరమ వివాహం 1948లో సేవాగ్రాంలో దళిత యువకునితో జరిగింది. కట్టుబాటు చూసి తల్లిదండ్రులు బెదరని ఇంట్లో పిల్లలు నీడను చూసి బెదరడం అరుదు.

అయితే గోరా పరీక్షను పసిపిల్లల మీద యథాతథంగా ప్రయోగించరాదు. దయ్యాల ఇంట్లో నిద్రించింది చదువుకున్న యువకుడు, తన ఇష్టంతో. భయపడిన పిల్లవాణ్ణి చీకటి గదిలోకి నెట్టడం పరీక్ష కాదు, హింస. దీపం పట్టుకొని, చేయి పట్టుకొని పెద్దవారు ముందు నడవాలి; చింతచెట్టు కింద కదిలినది కొమ్మ నీడో, పిల్లో బిడ్డే కనిపెట్టాలి. ఆ రాత్రికి వెళ్లనంటే తెల్లవారాక వెళ్లవచ్చు. కథలు మానడమూ అనవసరం. దయ్యాన్ని తెలివితో ఓడించే కథలు మన ముసలమ్మల దగ్గర కొల్లలు.

గోరా 1975 జూలై 26న విజయవాడలో సభలో ప్రసంగిస్తూనే కుప్పకూలి కన్నుమూశారు. 1980లలో తెలంగాణ పల్లెలను బాణామతి భయం పట్టి పీడించినప్పుడు, ఆ భయాన్ని పోగొట్టేందుకు నాస్తిక కేంద్రం వారు ఊళ్లకు వెళ్లి ప్రచారం చేశారు. శతజయంతి సంవత్సరమైన 2002లో భారత తపాలా శాఖ గోరా స్మారక బిళ్లను విడుదల చేసింది.