జాలితోపాటు శిక్షణ: డాక్టర్ కుగ్లర్ అమ్మగారి సేవ

గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ మీదుగా సాగే రైలు మార్గం గుంటూరు చేరుతుంది. ప్రాణం మీదికొచ్చిన మనిషిని ఆ బండిలో తీసుకెళ్లిన కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. ఆ గుంటూరులోనే స్త్రీల వైద్యానికి జీవితం ధారపోసిన దైవసేవకురాలు డాక్టర్ అన్నా కుగ్లర్.

1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన ఆమె వైద్యవిద్య ముగించి, 1883లో గుంటూరు వచ్చారు. లూథరన్ మిషన్ మొదట ఆమెకు వైద్యం అప్పగించలేదు, స్త్రీల మధ్య బోధన పని ఇచ్చింది. అయినా ఆమె రోగులను చూడడం మానలేదు. 1898లో మిషన్ ఆసుపత్రి తెరుచుకుంది. అక్కడే స్థానిక యువతులకు నర్సు శిక్షణా మొదలైంది. 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. నేడు ఆ ఆసుపత్రికి ఆమె పేరే ఉంది.

ఆపరేషన్ బాగా జరిగినా, రాత్రంతా నాడి చూసే మనిషి లేకపోతే రోగి దక్కడు. చేతులు కడుక్కోవడం, మందు సరిచూసి ఇవ్వడం, జ్వరం రాసిపెట్టడం కూడా పరిచర్యే. మంచి సమరయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు, సత్రంలో చేర్చి ఖర్చూ భరించాడు. మనమూ ఆసుపత్రుల కొరకు ప్రార్థించడంతో ఆగకుండా, ప్రతి సంఘం నర్సింగ్ చదివే ఒక పేదబిడ్డ ఫీజు భరిద్దాం.